పట్టు తెలిసి విడుపు తెలియని బ్రేకు

మనిషన్నవాడికి పట్టూ వుండాలి, విడుపూ వుండాలి అంటారు పెద్దలు. ఆ మాట మోటారు సైకిలు బ్రేకుకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. బండి కొనేటప్పుడు "బ్రేకు బాగా పడుతుందా?" అని అందరమూ అడుగుతాం. "పట్టిన తరువాత బాగా వదులుతుందా?" అని అడిగేవారు అరుదు. నిజానికి ఆ రెండో ప్రశ్న మొదటిదానికంటే చిన్నదేమీ కాదు. చెయ్యి తీసేసినా చక్రాన్ని విడిచిపెట్టని ముందు బ్రేకు మొదట పెట్రోలు తింటుంది. ఆ తరువాత ప్యాడ్లను తింటుంది. చివరకు తాను వేడెక్కిపోయి, సరిగ్గా అవసరమైన క్షణంలో పనిచెయ్యకుండా చేతులెత్తేస్తుంది. మరీ ముదిరితే, నడుస్తున్న బండి చక్రాన్ని ఉడుంపట్టు పట్టి, బండినీ మనుషులనూ కూడా కింద పడేస్తుంది.

ఈ జబ్బుకు మెకానిక్కులు పెట్టిన పేరు "బ్రేకు పట్టేస్తోంది" అని. పేరు ఒక్కటేగాని కారణాలు అరడజను వున్నాయి. ఒళ్ళు వెచ్చబడితే జ్వరం అంటాం. అది మలేరియానా, టైఫాయిడా అని తేల్చుకున్నాకగదా వైద్యుడు మందు ఇచ్చేది! కారణం తెలియకుండా ఈ వారం ప్యాడ్లు, వచ్చే వారం మాస్టరు సిలిండరు, ఆ పై వారం మొత్తం క్యాలిపరు మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుందేగాని జబ్బు పోదు. కనుక కారణాన్ని కనిపెట్టే వరస తెలుసుకుందాం. ఇందుకు ఇంజనీరు కానక్కరలేదు. కొంచెం ఓపికా, ఒకటి రెండు స్పానర్లూ, సాయానికి ఇంట్లో మరొక మనిషీ వుంటే చాలు.

జబ్బు లక్షణాలు

"ఏమండీ, ఏదో మాడిన వాసన వస్తోంది!" అని వెనుక సీటు మీద కూర్చున్న ఇల్లాలు అంటే, "ఎవరో చెత్త తగలబెడుతున్నారులే" అని కొట్టిపారేసే భర్తలున్నారు. అలా కొట్టిపారెయ్యకండి. పొగచూరిన గుడ్డలాంటి ఆ వాసన తరచుగా బ్రేకు ప్యాడ్లదే అయివుంటుంది.

మిగతా గుర్తులు ఇవి. ఇంజను ఆపి బండిని చేత్తో తోస్తే ఎప్పటికన్న బరువుగా కదులుతుంది. పల్లంలో వదిలితే దానంతటది జారవలసిన బండి మొరాయిస్తుంది. అదే దారిలో అదే వేగంతో వెళ్ళినా పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. నాలుగైదు మైళ్ళు పోయేసరికి లివరు గట్టిపడి, వేళ్ళకు మునుపు తెలిసే ప్లే మాయమవుతుంది. ఇదివరకు తెల్లగా మెరిసే డిస్కు మీద నీలిరంగు చాయలు కనిపిస్తాయి.

అయితే ఒక హెచ్చరిక. డిస్కు బ్రేకు వున్న చక్రాన్ని ఎత్తి తిప్పితే సన్నగా "సర్ సర్" మనే చప్పుడు వస్తుంది. అది జబ్బు కాదు. ప్యాడ్లు డిస్కుకు వెంట్రుకవాసి దూరంలో వుండడమే వాటి స్వభావం. ఆ చప్పుడు విని మెకానిక్కు దగ్గరకు పరుగెత్తనక్కరలేదు. చప్పుడు కాదు, చక్రం ఎంత స్వేచ్ఛగా తిరుగుతోంది, ఎంత వేడెక్కుతోంది అన్నవే లెక్క.

లోపల జరిగే కథ

మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లెయిజ్ పాస్కల్ చెప్పాడు. మన డిస్కు బ్రేకుకు ప్రాణం ఆ సూత్రమే. హ్యాండిలు మీద లివరు నొక్కితే, అక్కడున్న మాస్టరు సిలిండరులోని చిన్న పిస్టను బ్రేకు ఆయిలును ముందుకు తోస్తుంది. ఆ ఒత్తిడి గొట్టంగుండా కిందికి వచ్చి, చక్రం దగ్గరున్న క్యాలిపరులోని పెద్ద పిస్టనును నెడుతుంది. పిస్టను ప్యాడును డిస్కుకు అదుముతుంది. 1969లో వచ్చిన హోండా సి.బి. 750 ముందు చక్రానికి ఇటువంటి బ్రేకే వుండేది. మన రోడ్ల మీద చాలాకాలం డ్రమ్ము బ్రేకుదే రాజ్యమైనా, ఇప్పుడు మామూలు గుమాస్తా బండికి కూడా ముందు డిస్కు వుండడం వింత కాదు.

పట్టడం సరే, వదలడం ఎలాగ? ఇక్కడే అసలు విశేషం వుంది. క్యాలిపరులోని పిస్టనును వెనక్కి లాగడానికి సాధారణంగా స్ప్రింగు ఏదీ వుండదు! పిస్టను చుట్టూ చదరపు అంచుల రబ్బరు ఉంగరం ఒకటి గాడిలో కూర్చుని వుంటుంది. దానినే సీలు అంటారు. పిస్టను ముందుకు జరిగినప్పుడు ఈ సీలు కొంచెం మెలితిరుగుతుంది. ఒత్తిడి పోగానే మళ్ళీ నిటారుగా నిలబడుతూ, పిస్టనును మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో తనతో వెనక్కి లాక్కుంటుంది. ఆ కాస్త దూరమే బ్రేకు విడుపంతా!

ఇది జరగాలంటే రెండు సదుపాయాలు వుండాలి. ఒకటి, పిస్టను అడ్డులేకుండా కదలాలి. రెండు, వెనక్కి వచ్చే ఆయిలుకు పైన దారి వుండాలి. మాస్టరు సిలిండరులో సూదిమొనంత రంధ్రం ఒకటి ఆ దారి ఇస్తుంది. లివరు పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు ఆ రంధ్రం తెరుచుకుని, మిగిలిన ఒత్తిడిని పైనున్న ఆయిలు డబ్బాలోకి విడిచిపెడుతుంది. లివరు వెంట్రుకంత ముందుగా ఆగిపోయినా రంధ్రం మూసుకునే వుంటుంది. అప్పుడు లోపలి ఆయిలు బందీ అవుతుంది. బందీ అయిన ఆయిలు వేడికి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించి ప్యాడ్లను నొక్కుతుంది. ప్యాడ్లు రాసుకుని మరింత వేడి పుడుతుంది. చెయ్యి వెయ్యకుండానే బ్రేకు తనంతట తాను బిగుసుకుపోవడంలోని రహస్యం ఇదే.

కనుక మన పరిశోధన అంతా ఒక్క ప్రశ్నలో ఇమిడివుంది: చక్రాన్ని పట్టుకున్నది పైన బందీ అయిన ఒత్తిడా, లేక కింద ఇరుక్కుపోయిన ఇనుమా?

ముందు చరిత్ర అడగండి

మంచి వైద్యుడు నాడి పట్టుకోవడానికి ముందు "ఎప్పటినుంచి?" అని అడుగుతాడు. మీరూ బండిని అలాగే అడగండి.

టైరుకు పంక్చరు వేయించిన మర్నాటినుంచా? అయితే చక్రం బిగించడంలోనే పొరపాటు వుండవచ్చు. ఇరుసు పక్కన వేసే గొట్టంముక్క అటుదిటు పడినా, ఫోర్కు కాళ్ళు సమంగా కూర్చోకముందే ఇరుసును బిగించినా, డిస్కు క్యాలిపరు మధ్యలో నిలవక ఒక పక్కకు ఒరుగుతుంది.

కొత్త ప్యాడ్లు వేసినప్పటినుంచా? పాత ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టను బయటకు వచ్చి దుమ్ము పట్టివుంటుంది. దానిని తుడవకుండా లోపలికి తోసేస్తే ఆ మురికి సీలు దగ్గర ఇరుక్కుంటుంది. అంతకుముందు డబ్బా నిండా ఆయిలు పోయించివుంటే, పిస్టను వెనక్కి పోయినప్పుడు పైకి వచ్చే ఆయిలుకు చోటే మిగలదు.

బండి పడి లివరు మార్చినప్పటినుంచా? కొలత సరిపడని లివరు సిలిండరు పిస్టనును ఎప్పుడూ కొంచెం నొక్కిపట్టి వుంచుతుంది.

బ్రేకు ఆయిలు మార్చినప్పటినుంచా? ఆ డబ్బాలో పోసినది నిజంగా బ్రేకు ఆయిలేనా అని విచారించండి. పొరపాటున ఇంజను ఆయిలు లాంటిది పడితే రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. రబ్బరు సామానును పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడిగినా అదే అనర్థం.

బండి నెలల తరబడి కదలకుండా వుందా? విశాఖపట్నం, కాకినాడ, బందరు వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. తుప్పు పట్టిన పిస్టను సీలును దాటి కదలనంటుంది.

తిప్పి చూడండి

ఇక పరీక్షకు దిగుదాం. బండిని చదునైన నేల మీద సెంటరు స్టాండు వేసి నిలపండి. ఇంట్లో ఒకరిని వెనుక భాగాన్ని గట్టిగా కిందికి నొక్కిపట్టమంటే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. సెంటరు స్టాండు లేని బండికి ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు. సైడు స్టాండు మీద బండిని ఎత్తడం అపాయం.

చల్లగా వున్నప్పుడు చక్రాన్ని ఒకసారి తిప్పండి. ఎంతసేపు తిరిగిందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు లివరును నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదిలి, మళ్ళీ తిప్పండి. రెండోసారి చక్రం వెంటనే ఆగిపోతే బ్రేకు వదలడం లేదన్నమాట. రెండుసార్లూ ఒకేలా తిరిగితే, ముందు బ్రేకు తక్కువగా వాడుతూ పది నిమిషాలు బండి నడిపి వచ్చి మళ్ళీ తిప్పండి. చల్లగా వున్నప్పుడు తిరిగిన చక్రం వేడెక్కాక బిగిస్తే, లివరు ప్లే మీదా, ఆ సూదిమొన రంధ్రం మీదా అనుమానపడండి.

రాపిడి చక్రం తిరిగినంతసేపూ ఒకేలా వుందా, లేక చుట్టుకొకసారి మాత్రం "టక్కు" మని పట్టి వదులుతోందా? చుట్టుకొకసారి అయితే డిస్కు వంకర పోయివుంటుంది. ఆ వంకర 0.3 మిల్లీమీటర్లు మించకూడదని చాలా బండ్ల పుస్తకాలలో వుంటుంది. కంటికి కనబడేంత వూగుతుంటే ఆ డిస్కు పని అయిపోయినట్టే.

వేడి చూడడానికి డిస్కును వేలితో ముట్టుకోకండి సుమా! బొబ్బలెక్కుతుంది. చెయ్యి దగ్గరగా పెడితేనే సెగ తెలుస్తుంది.

తేల్చి చెప్పే పరీక్ష

క్యాలిపరు మీద చిన్న రబ్బరు టోపీ కింద ఒక నిపులు వుంటుంది. గాలి తీయడానికి అమర్చినది అది. మన సందేహానికి సమాధానం చెప్పేది కూడా అదే. చక్రం పట్టేసి వున్న సమయంలోనే ఈ పరీక్ష చెయ్యాలి. వదిలేశాక చేసి ప్రయోజనం లేదు. అలవాటు లేనివారు మెకానిక్కు చేత తమ కళ్ళ ఎదుట చేయించుకోవడం మంచిది.

నిపులుకు ఒక సన్నని గొట్టం తొడిగి, దాని రెండో కొసను సీసాలో వుంచాలి. స్పానరుతో నిపులును పావు చుట్టు వదులు చెయ్యాలి.

ఆయిలు చివ్వున చిమ్మి, చక్రం వెంటనే స్వేచ్ఛగా తిరిగిందా? అయితే క్యాలిపరు నిర్దోషి. ఒత్తిడి పైన బందీ అయింది. దోషం లివరులోనో, మాస్టరు సిలిండరులోనో, గొట్టంలోనో వుంది.

ఆయిలు వచ్చినా రాకపోయినా చక్రం బిగుసుకునే వుందా? అయితే పైవన్నీ నిర్దోషులు. నేరం క్యాలిపరుది, లేక దాని చుట్టుపక్కల ఇనుముది.

నిపులు మళ్ళీ బిగించి, డబ్బాలో ఆయిలు మట్టం చూచి, లివరు గట్టిగా తగిలేవరకు నొక్కి చూడకుండా బండి ఎక్కవద్దు. లివరు మెత్తగా తగిలితే లోపల గాలి చేరిందన్నమాట. దానిని తీయించాలి. ఆయిలు రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది కనుక వెంటనే నీళ్ళతో కడగండి.

దోషం పైన వుంటే

మొదట ఖర్చులేనిది చూడండి. లివరుకు కొంచెమైనా ప్లే వుందా? మరమేకుతో సర్దే ఏర్పాటు వుంటే కాస్త వదులు చెయ్యండి. లివరు ఇరుసు దగ్గర మట్టి గడ్డకట్టి, అది పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే బాధ. శుభ్రం చేసి చుక్క గ్రీజు పెడితే చాలా కేసులు అక్కడే ముగుస్తాయి.

అప్పటికీ పోకపోతే డబ్బా మూత తీయించి, మొహం దూరంగా వుంచి, లివరును అతి మెల్లగా కొంచెం మాత్రం నొక్కమనండి. ఆయిలు ఉపరితలం మీద చిన్న అల గాని, సన్నని చిమ్మన గాని కనిపిస్తే రంధ్రం తెరిచే వుంది. ఏ కదలికా లేకపోతే పాత ఆయిలు మడ్డి రంధ్రాన్ని మూసివుండవచ్చు.

చివరి అనుమానం గొట్టం మీద. ఏళ్ళు గడిచిన రబ్బరు గొట్టం పైకి నున్నగా వున్నా లోపల ఉబ్బి, ఆయిలును కిందికి పోనిచ్చి పైకి రానివ్వదు. ఒత్తిడి బందీ అయివున్నప్పుడు మెకానిక్కు మాస్టరు సిలిండరు దగ్గరి కలుపుబోల్టును గుడ్డ అడ్డంపెట్టి వదులు చేస్తే విషయం తేలుతుంది. చక్రం వదిలితే తప్పు సిలిండరుది. వదలక, కింద నిపులు తీస్తేనే వదిలితే తప్పు గొట్టానిది.

దోషం కింద వుంటే

రెండు ప్యాడ్లనూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మన బండ్లలో ఎక్కువ భాగానికి క్యాలిపరులో పిస్టన్లు ఒకే పక్క వుంటాయి. క్యాలిపరు రెండు కడ్డీల మీద అటూ ఇటూ జరిగి రెండో ప్యాడును లాగుతుంది. ఒక ప్యాడు మందంగా, ఇంకొకటి రేకులా అరిగివుంటే ఆ కడ్డీలు ఎండిపోయి బిగుసుకున్నాయని అర్థం. వాటిని శుభ్రం చేసి, బ్రేకులకోసం తయారైన గ్రీజు పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు తొడుగులు ఉబ్బి వ్యవహారం మొదటికి వస్తుంది.

ప్యాడ్లు రెండూ సమంగానే అరిగివుంటే పిస్టనును చూడాలి. దాని మీద మెరుపుపూత లేచిపోయి తుప్పుచుక్కలు పడితే గరుకుకాగితంతో రుద్ది సరిపెట్టుకోవద్దు, మార్చడమే మేలు. పిస్టను నున్నగానే వుండి కూడా కదలకపోతే, సీలు కూర్చునే గాడిలో గట్టిపడిన మడ్డి సీలును బయటకు తోస్తూ వుంటుంది. గాడిని శుభ్రం చేసి కొత్త సీళ్ళు వేస్తే చాలు. పాపం, నిక్షేపంలాంటి క్యాలిపర్లు ఎన్నో ఈ మడ్డి కారణంగా పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతున్నాయి!

డ్రమ్ము బ్రేకులవారికి

డ్రమ్ము బ్రేకుకు ఆయిలు లేదుగాని పరిశోధన వరస మాత్రం అదే. చక్రం దగ్గర కేబులును విప్పండి. చక్రం వదిలితే దోషం కేబులుది: బిగువుగా సర్దివుండాలి, లేదా లోపల తుప్పు పట్టివుండాలి. హ్యాండిలును ఇటూ అటూ తిప్పినప్పుడు రాపిడి మారుతుంటే కేబులు ఎక్కడో లాగుకుంటోంది. కేబులు విప్పినా చక్రం వదలకపోతే, బ్రేకు షూలను తెరిచే కడ్డీ ఎండిపోయిందో, షూల స్ప్రింగులు సాగిపోయాయో చూడాలి. సాధారణంగా లివరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లే వుండాలి.

మరొక సంగతి. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సి.సి. దాటినవాటికి ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది, అంతకు లోపువాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటైనా వుండాలన్నారు. అలా కలిసి పడే బండిలో ముందు బ్రేకు పట్టేస్తుంటే వెనుక బ్రేకు పెడలునూ, దాని కేబులునూ కూడా చూడాలి. ఎ.బి.ఎస్. బండిలో ఆయిలు దారి మధ్యన మరొక యంత్రం వుంటుంది కనుక గొట్టాలు విప్పే పని తెలిసినవారికే వదలండి.

చేయరాని పనులు

కాలుతున్న డిస్కు మీద బిందెడు నీళ్ళు గుమ్మరించవద్దు; వంకర పోవచ్చు. చప్పుడు పోతుందని ప్యాడ్లకు నూనె పూయవద్దు. చప్పుడుతోపాటు బ్రేకూ పోతుంది. దారిలో చక్రం పట్టేస్తే బండి పక్కకు ఆపి, చల్లారనివ్వండి. చల్లారాక వదిలిందిగదా అని పెళ్ళాం పిల్లలను ఎక్కించుకుని మళ్ళీ బయలుదేరకండి. వారిని బస్సు ఎక్కించి, బండిని దగ్గరి మెకానిక్కు దాకా తోసుకుపోవడం నామోషీ కాదు.

ఎందుకింత భయపెడుతున్నామంటే, బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం వుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా వున్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. ఎడతెగని రాపిడిలో ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరిని నొక్కితే నలుగుతుందేగాని ఒత్తిడిని పంపదు. లివరు హ్యాండిలుకు ఆనేంతవరకు వచ్చినా బ్రేకు పడదు. వదలని బ్రేకు పట్టని బ్రేకుగా మారేది ఇలాగే! అందుకే రెండేళ్ళకొకసారి ఆయిలు మార్పించమనీ, డబ్బా మూత మీద రాసివున్న రకమే పోయమనీ చెప్పేది.

ఇంత చదివాక మరమ్మతంతా మీ చేతులతోనే చెయ్యమని కాదు. కాని షెడ్డుకు వెళ్ళి "బ్రేకు ఏదో బాగాలేదయ్యా" అనడానికీ, "చల్లగా వుంటే తిరుగుతోంది, వేడెక్కితే పట్టేస్తోంది, నిపులు వదిలితే చక్రం వదులుతోంది, లివరుకు ప్లే లేదు" అనడానికీ ఎంతో తేడా వుంది. మొదటి మాటకు మెకానిక్కు సామాన్ల జాబితా రాస్తాడు. రెండో మాటకు స్పానరు తీసి సరాసరి లివరు దగ్గరకే వెళతాడు.